పార్వతీశానికి తెలివొస్తే మనకేం నష్టం?

‘బారిస్టర్ పార్వతీశం’ చదివారా అంటే చాలామంది చదివామనే అంటారు. ఎన్ని భాగాలు చదివారు అంటే మాత్రం కాస్త ఆగుతారు. మొక్కపాటి నరసింహశాస్త్రి (1892–1973) మొదటి భాగం 1924లో వచ్చింది. మిగతా రెండూ ఎన్నో ఏళ్ల తర్వాత, ఆయన పెద్దవయసులో. ఇప్పుడు మూడూ కలిపి ఒకే పుస్తకంగా కూడా దొరుకుతున్నాయి కాబట్టి దొరకలేదనే సాకు చెల్లదు. అయినా మొదటి భాగం పేజీలు నలిగి నలిగి, రెండో భాగం దగ్గర్నుంచి కొత్త నోటులా పెళపెళలాడే కాపీలు మా పటమటలోనే రెండిళ్లలో చూశాను.

మొదటి భాగం ఎందుకంత ఇష్టమో చెప్పక్కర్లేదు. ఇంట్లో చెప్పకుండా మొగల్తూరు నుంచి బయల్దేరి, మద్రాసు, కొలంబో మీదుగా సీమకి వెళ్లే కుర్రాడు. ఆడవాళ్ల టోపీ కొనుక్కుని దర్జాగా పెట్టుకుంటాడు. లిఫ్టు ఎక్కి అదే తన గది అనుకుంటాడు. తర్వాతి భాగాల్లో అతను ఎడింబరోలో చదువుతాడు, అక్కడి అమ్మాయిని ప్రేమిస్తాడు, బారిస్టరై తిరిగొస్తాడు, ప్రాక్టీసు పెడతాడు, స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్తాడు. ఒక్కమాటలో, బాగుపడతాడు. అక్కడే మనకి ఆవలింతలు మొదలవుతాయి.

సీక్వెల్ మీద పాఠకులకి కోపం రావడం కొత్తేం కాదు. 2013లో హెలెన్ ఫీల్డింగ్ ‘బ్రిడ్జెట్ జోన్స్’ మూడో నవల తెచ్చినప్పుడు, అందులో మార్క్ డార్సీ అప్పటికే చనిపోయి ఉన్నాడని తెలిసి అభిమానులు గోల చేశారు. రెండు నవలల పాటు వాళ్లిద్దరూ కలవాలని ఎదురుచూసినవాళ్లకి ఆ మాత్రం బాధ న్యాయమే. (రచయిత్రి మనకేమైనా మాటిచ్చిందా అంటే ఇవ్వలేదు. అది వేరే సంగతి.) పార్వతీశం విషయం దీనికి తలకిందులు. ఇక్కడ మనవాడు పోలేదు, నిక్షేపంగా ఉన్నాడు. మనిషి బాగున్నందుకు అలగడం ఏమిటి?

రచన పల్చబడిందని అంటే అది విమర్శ, చెప్పొచ్చు. కానీ దాని కింద ఇంకోటి కూడా ఉందని నా అనుమానం. పార్వతీశం లిఫ్టు దగ్గరే ఆగిపోయి ఉండాలని మన కోరిక. ఒక మనిషిని అతని తెలియనితనం కోసం ఇష్టపడటం మొదలుపెడితే, అతనికి ఎప్పటికీ ఏమీ తెలియకూడదని కోరుకోక తప్పదు. పైకి అది ఆప్యాయతలాగే ఉంటుంది.

సెర్వాంటెస్‌కి ఈ సంగతి 1615లోనే తెలుసు. ‘డాన్ కిహోటే’ రెండో భాగంలో, ఊరి కుర్రాడు కరాస్కో వీరుడి వేషం వేసుకుని వచ్చి కిహోటేని ఓడిస్తాడు. ఓడినవాడు ఇంటికెళ్లాలని షరతు. ఇంటిపట్టున ఉంటేనైనా పిచ్చి కుదురుతుందని ఆశ. ఇది విని డాన్ ఆంటోనియో అనే పెద్దమనిషి నొచ్చుకుంటాడు. ఇంత సరదా పుట్టించే పిచ్చివాణ్ణి బాగుచేస్తే లోకానికి ఎంత నష్టం అని అతని బాధ! సీక్వెల్ నచ్చని పాఠకుణ్ణి రచయిత సీక్వెల్లోనే కూర్చోబెట్టాడన్నమాట.

మన దగ్గర డాన్ ఆంటోనియోలకి కొదవలేదు. బెంజ్ సర్కిల్ నుంచి పటమట లోపలికి వస్తుంటే విదేశీ చదువుల కన్సల్టెన్సీల బోర్డులు కనిపిస్తాయి. ఒక్కో బోర్డు వెనక ఎంతమంది పార్వతీశాలో. మా పెద్దమ్మ కొడుకు అలా వెళ్లినవాడే. మొదటిసారి వెళ్తూ దారిలో ఏదో ఎయిర్‌పోర్టులో, చెయ్యి పెడితే నీళ్లొచ్చే కుళాయి ముందు నిలబడి, తిప్పేది ఎక్కడుందా అని పది నిమిషాలు వెతికాడట. ఆ కథ మా చుట్టాల్లో ప్రతి పెళ్లిలోనూ వడ్డిస్తారు. ఇప్పుడు అన్నయ్యకి నలభై దాటాయి. మధ్యలో ఒకసారి ఉద్యోగం పోయింది, ఏడాది పాటు నానా అవస్థలు పడి మళ్లీ నిలబడ్డాడు. దాని గురించి ఎవరూ అడగరు. కుళాయి కథ మాత్రం కావాలి. మొన్న ఒక పెళ్లిలో మావయ్య అది ఎత్తుకోగానే అన్నయ్య ప్లేటు పట్టుకుని పక్క టేబుల్‌కి వెళ్లిపోయాడు. “అమెరికా వెళ్లాక వీడికి సరదా చచ్చిపోయిందిరా” అన్నాడు మావయ్య. పార్వతీశం రెండో భాగం మీద మనం రాసే సమీక్ష కూడా దాదాపు ఇదే.

అలాగని ఆ భాగాలు గొప్పవని నేను వాదించబోవడం లేదు. మొదటి భాగంతో పోలిస్తే తేలిపోతాయి. కారణం మాత్రం అతనికి తెలివి రావడం కాదనిపిస్తుంది. మొదటి భాగం అంతా పార్వతీశం తన నోటితో తను చెప్పుకున్నదే కదా. లిఫ్టంటే ఏమిటో తెలిసినవాడే, ఒకప్పుడు దాన్ని గదనుకున్నానని చెప్పగలడు. టోపీ ఎవరిదో తెలిసినవాడికే ఆ టోపీ కథ వస్తుంది. అంటే మనల్ని అంత నవ్వించింది ఎప్పుడో బాగుపడిన పార్వతీశమే. చేసిన కుర్రాడికీ చెప్పే పెద్దాయనకీ మధ్య బోలెడు దూరం ఉంది, హాస్యం అక్కడే పుట్టింది. తర్వాతి భాగాలకొచ్చేసరికి ఆ దూరం తగ్గిపోయింది. చెప్పేవాడు తన చదువునీ ప్రాక్టీసునీ దేశసేవనీ గౌరవంగా చెప్పుకుపోతాడు. అప్పుడప్పుడు అభినందన సంచిక చదువుతున్నట్టుంటుంది.

నాకు అన్నిటికంటే వెలితిగా అనిపించేది ఎడింబరో ప్రేమ. లిఫ్టులూ టోపీలూ ఎవరైనా ఆరు నెలల్లో నేర్చుకుంటారు. ప్రేమ దగ్గర మాత్రం బారిస్టరు కూడా మొగల్తూరు నుంచి నిన్ననే దిగినవాడితో సమానం. ఆ అమ్మాయి ముందు ఏం మాట్లాడాలో తెలియక తడబడటం, ఆమె అన్నదానికి వేరే అర్థం తీసుకుని రాత్రంతా నిద్రపోకపోవడం, చివరికి వదిలేసి వస్తూ దానికి ధర్మమనో బాధ్యతనో పెద్ద పేరు పెట్టుకోవడం... టోపీ కథ చెప్పిన ఆ గొంతుతోనే ఇదంతా చెప్పి ఉంటే! ఆ పేజీలు నేను రెండుసార్లు చదివాను. రెండుసార్లూ పార్వతీశం చాలా మర్యాదగా ఉన్నాడు.