కాకికి ఉన్న సెలవు

“కనుమ నాడు కాకైనా కదలదు” అని మనకో సామెత ఉంది. ఆ రోజు ప్రయాణాలు పెట్టుకోకూడదన్నమాట. ఏడాది పొడుగునా చాకిరీ చేసిన ఎద్దులను ఆ రోజు కాడి కట్టకుండా, శుభ్రంగా కడిగి, కొమ్ములకు రంగులు వేసి పూజ చేస్తారు. కాకికి సెలవు, ఎద్దుకి సెలవు, మగవాళ్ళకి సరేసరి! బాగానే ఉంది. కానీ దాని వెనకాలే ఇంకో మాట కూడా వచ్చింది, “కనుమ నాడు మినుము కొరకాలి” అని. అంటే గారెలు తినాలి. మరి ఆ పప్పు నానబోసేదెవరు? రుబ్బేదెవరు? మూకుడు ముందు చెమటలు కక్కుతూ నిలబడేదెవరు? సామెత చెప్పినాయన ఆ ఊసెత్తలేదు.

ఆడవాళ్ళ తీరుబడి సంగతి వచ్చినప్పుడల్లా నాకీ గారెలే గుర్తుకొస్తాయి. “ఈ కాస్త పనీ అయ్యాక కూర్చుంటాను” అనడం మనందరికీ అలవాటు. చిక్కంతా ఆ ‘అయ్యాక’లోనే ఉంది. పొలం పనికి కోతలతో ఓ ముగింపు ఉంటుంది. ఆఫీసు పనికి గోడమీద గడియారం ఉంటుంది. ఇంటిపనికి ఏముంది? పొద్దున్న తోమిన గిన్నె మధ్యాహ్నానికి ఎంగిలవుతుంది. ఉతికి మడతపెట్టిన చీర మర్నాడు మళ్ళీ బకెట్లో పడుతుంది. పూర్తవడమన్నది దాని స్వభావంలోనే లేదు. అలాంటప్పుడు పని పూర్తయ్యాక విశ్రాంతి తీసుకుంటాననుకోవడం, అలలు ఆగాక సముద్రస్నానం చేస్తాననడం లాంటిదే కదూ?

బెర్ట్రాండ్ రస్సెల్ అనే తత్వవేత్త 1932లో తీరికను మెచ్చుకుంటూ ఒక వ్యాసం రాశాడు. మనిషి రోజుకి నాలుగు గంటలు పనిచేస్తే చాలని ఆయన వాదన. ఎంత చల్లని మాట! ఇక మన దేశంలో 2024లో ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే చూడండి. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకి సగటున 289 నిమిషాలు గడుపుతున్నారట. అదే పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. 289 నిమిషాలంటే నాలుగు గంటల నలభై తొమ్మిది నిమిషాలు. ఉద్యోగం సంగతి వదిలేయండి, వంటింట్లోనే రస్సెల్ గారి లెక్క దాటిపోయాం!

“అయినా ఇప్పుడు మిక్సీలూ, కుక్కర్లూ, వాషింగ్ మెషీన్లూ వచ్చాయిగా?” అంటారు. వచ్చాయి. వాటికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ అవి మిగిల్చిన గంట ఎక్కడికి పోయింది? అమెరికాలో రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో ఈ ప్రశ్నమీద ఒక పుస్తకమే రాసింది. యంత్రాలతో పాటు శుభ్రతకు కొలతలు కూడా పెరిగాయనీ, అంతకు ముందు ఇతరులు పంచుకున్న పనులు కూడా ఇల్లాలి మీదే పడ్డాయనీ ఆవిడ తేల్చింది. మన ఇళ్ళు చూసుకున్నా అంతే. రుబ్బురోలున్న రోజుల్లో వారానికోసారి చేసిన అట్లు ఇప్పుడు అడిగినప్పుడల్లా చెయ్యాలి. “గ్రైండరుందిగా!” అంటారు.

మా అమ్మమ్మకి గ్రైండరు లేదు. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, “కాస్త నడుం వాలుస్తాను” అని చావట్లో చల్లటి గచ్చు మీద చెయ్యే తలగడగా పడుకునేది. ఆ ముప్పావుగంటా పిల్లలం గొంతు ఎత్తడానికి వీల్లేదు. పనులన్నీ అయిపోయి ఆవిడ పడుకునేది కాదు. సాయంత్రానికి బియ్యం ఏరడం, దీపాలకు వత్తులు చెయ్యడం అన్నీ అలాగే ఉండేవి. పని ఉండగానే, దాని మధ్యలో తన జాగా తాను వేసుకునేది.

ఇప్పుడు పట్టపగలు పడుకుంటే “ఏం, ఒంట్లో బాగాలేదా?” అని అడుగుతారు. జ్వరమొస్తే తప్ప నడుం వాల్చే హక్కు లేనట్టు! అయితే తప్పంతా అడిగేవాళ్ళదేనా? “క్షణం తీరికుండదండీ” అన్నప్పుడు మన గొంతులో విసుగుతో పాటు కాస్త గొప్ప కూడా ఉంటుంది. దాని అడుగున చిన్న భయం. నేను కూర్చున్నా ఇల్లు నడిచిపోతే, ఈ ఇంట్లో నాకున్న విలువేమిటి? మనల్ని కూర్చోనివ్వనిది చాలాసార్లు ఈ భయమే. మన విలువ మనం కడిగిన గిన్నెల్లో లేదని ముందు మనకి నమ్మకం కుదరాలి.

నా మట్టుకు నేను మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి వరకూ నాదని పెట్టుకున్నాను. సింకులో గిన్నెలున్నా సరే. ఆ గంటలో నిద్రే పోవాలని లేదు. వత్తులు చేసుకుంటూ కూర్చుంటే నాకు హాయిగా ఉంటుంది. చేతులు ఆడుతుంటాయి, మనసు ఆగుతుంది. సెల్‌ఫోను చూస్తూ పడుకుంటే దీనికి తలకిందులు! ఒళ్ళు కదలదు గానీ, బుర్ర ఊళ్ళన్నీ తిరిగొస్తుంది. ఒకరికి పుస్తకం, ఒకరికి పాట, ఒకరికి ఒట్టి కిటికీ. ఎవరి తూకం వారిది.

ఒక్క షరతు మాత్రం అందరికీ ఉండాలంటాను. నా నడుం వాలడానికి ఇంకొకరి నడుం విరగకూడదు. ఆదివారం మనకి విశ్రాంతి కావాలని పనిమనిషిని ఇంకో గంట ఉండమంటే, కూతురి పుస్తకం మూయించి గరిటె చేతికిస్తే, అది మరొకరి దగ్గర లాక్కున్న తీరిక. పనిమనిషికీ ఓ మధ్యాహ్నం ఉంటుంది, కోడలికీ ఉంటుంది. పని తగ్గించుకోవాలి, ఇంట్లో మగవాళ్ళతో సహా పంచుకోవాలి. అంతేగాని, మనకంటే కాదనలేని మనిషి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

కాబట్టి మీ గంట ఎప్పుడో ఇవాళే అనుకోండి. నలుగురికీ చెప్పండి కూడా. ఆ సమయంలో ఎవరైనా వచ్చి “కాఫీ ఏమైనా...” అని నసిగితే, కళ్ళు తెరవకుండానే “డికాషన్ ఫిల్టర్లోనే ఉంది, నాకూ ఓ కప్పు కలపండి” అనండి. ఏమీ మునిగిపోదు!