తేనెటీగకూ మూడ్ ఉంటుందా?

మనసు బాగున్న రోజున తెలియని నంబరు నుంచి ఫోనొచ్చినా మంచి కబురే అనుకుంటాం. తేనెటీగ కూడా అలాగే అనుకుంటుందా?

లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో లార్స్ చిట్కా బృందం బంబుల్బీలనే ఒక రకం తేనెటీగలతో ఈ సంగతి పరీక్షించింది. ఒక రంగు దగ్గర చక్కెర నీళ్లు, మరో రంగు దగ్గర ఉత్త నీళ్లు ఉంటాయని ముందు వాటికి నేర్పారు. తర్వాత రెంటికీ మధ్యస్థంగా ఉన్న రంగు చూపించారు. అంతకుముందు అనుకోకుండా ఓ తియ్యటి చుక్క దొరికిన ఈగ ఆ అనుమానపు రంగు వైపు చకచకా వెళ్లింది. శత్రువు పట్టుకున్నట్టు అదిమి వదిలినా త్వరగా తేరుకుంది. డోపమైన్‌ను అడ్డుకునే మందు ఇస్తే ఆ హుషారు కాస్తా పోయింది! ఇది 2016 నాటి మాట. దీన్ని ఆనందమని తేల్చేయలేం. ఈగ నోరు విప్పి చెప్పదు కదా. కానీ 2022 నాటి మరో ప్రయోగంలో ఏ బహుమతీ లేకుండానే బంబుల్బీలు చిన్న చెక్క బంతులు దొర్లించాయి, లేత వయసువి మరీనూ.

ఇదంతా ప్రయోగశాల ముచ్చట. ఇక బయటికొస్తే, లోకంలోని 20,000కు పైగా తేనెటీగ జాతుల్లో ఎక్కువ భాగం పట్టు పెట్టవు. నేల బొరియల్లోనో పుల్లల్లోనో ఒంటరిగా బతుకుతాయి. పగలు అవి పూల మీద తిరుగుతుంటాయి కనుక, పూత మీదున్న తోటకు పురుగుమందు కొట్టక తప్పకపోతే, అవి గూడు చేరే సాయంత్రం దాకా ఆగండి.