కతోలిక అంటే మొత్తమట!

"మీరే మతమోళ్లు?" అని ఎవరన్నా అడిగితే మా అమ్మ "ఆర్.సి.ఎమ్మోళ్లం" అనేది. రోమన్ కాథలిక్ మిషన్ అని విడమరిచి చెప్పటం ఆమెకు రాదు. ప్రతి ఆదివారం విశ్వాస సంగ్రహంలో 'కతోలిక' అన్న మాట మాత్రం గొంతెత్తి పలికేది.

బి.ఏ.లో ఉండగా నిఘంటువు తీశాను. గ్రీకు 'కతోలికోస్' నుంచి వచ్చిందట, మొత్తానికి చెందినది అని అర్థం. రెండో శతాబ్దంలోనే అంతియొకయ ఇగ్నేషియస్ తన లేఖలో సంఘాన్ని ఆ మాటతో పిలిచాడు. ఎవర్నీ బయట ఉంచని మాట మాదని మురిసిపోయాను.

మరుసటేడు అమ్మ చనిపోయింది. సమాధుల దొడ్డి మధ్యన గోడ. అటు కతోలిక రెడ్లు, ఇటు కతోలిక మాదిగలం. ఒకే స్వామి, ఒకే జపం. మట్టి మాత్రం రెండు.

సర్కారు లెక్క ఇంకో రకం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువుల్నే ఎస్సీలంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. మేం బి.సి.-సి. గోడ దగ్గర మాదిగోళ్లం, తహసీల్దారు కాయితంలో కాదు!

2022లో పూల ఆంతోని గారు కార్డినల్ అయ్యారు, దళితుల్లో మొదటివారు. సంతోషమే. కానీ ఒక మనిషి రోమ్ దాకా పోయినా, మా అమ్మ శవం గోడ దాటలేదు గదా?

లోకమంతటా ఉన్నంత మాత్రాన మొత్తం అయిపోదు. ఇప్పటికీ గుడిలో ఆ మాట పలుకుతాను. ఉన్నదాన్ని ఒప్పుకోటానికి కాదు, రావాల్సిన బాకీ అడగటానికి.