జేబులో సరిహద్దు

దేశానికి సరిహద్దు పటంలో గీత గీసినచోట ఉంటుందనుకోవడం మామూలే. 20వ శతాబ్దపు దక్షిణాఫ్రికాలో మాత్రం ఆ గీత నల్లవాళ్ల జేబులో ఉండేది. 1952 నాటి చట్టం ప్రకారం 16 ఏళ్లు నిండిన ఆఫ్రికన్లు పాస్ పుస్తకం దగ్గర పెట్టుకు తిరగాలి. అందులో ఫొటో, వేలిముద్రలు, యజమాని సంతకం, ఏ ఊళ్లో ఉండవచ్చో తెలిపే ముద్ర ఉండేవి. అనుమతి లేకుండా పట్నంలో 72 గంటలు దాటితే అరెస్టే. విచిత్రమేమంటే, ఆ చట్టం పేరులో ‘పాసుల రద్దు’ అనే మాట ఉంది. జనం ఆ పుస్తకాన్ని ‘డోంపాస్’, అంటే మొద్దు పాస్, అని పిలిచేవారు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో దాన్ని నిరసిస్తూ గుమిగూడినవారిపై పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. పాసు చట్టాలు పోయింది 1986లో.

స్వేచ్ఛ అంటే అడ్డు లేకపోవడమేనన్న నిర్వచనం ఇక్కడ చాలదు. పాస్ పుస్తకానికి గోడా అక్కర్లేదు, ముళ్లకంచే అక్కర్లేదు. ఏ వీధి మలుపులో పోలీసు చెయ్యి చాచి పుస్తకం అడిగితే అక్కడే సరిహద్దు వెలిసేది. కాబట్టి అడ్డు ఉందా లేదా అన్నదానికన్నా, దాన్ని ఎవరు పెట్టారు, ఎవరు తీయగలరు అన్నదే అసలు ప్రశ్న.

అడ్డు ఉండడమే బంధనమైతే దక్షిణాఫ్రికాలోని ఎండెబెలె తెగ స్త్రీల గోడలు అర్థం కావు. 1883లో డచ్చి సంతతి తెల్లవారైన బోయర్ల చేతిలో ఓడిన ఎండెబెలెలు భూములు పోగొట్టుకుని, బోయర్ల పొలాల్లో వెట్టి కూలీలయ్యారు. తర్వాతి తరాల ఆడవాళ్లు ఇంటి గోడల మీద, వాకిలి ప్రహరీల మీద నల్లటి అంచులతో పెద్దపెద్ద రంగుల బొమ్మలు వేశారు. 1935లో పుట్టిన ఎండెబెలె చిత్రకారిణి ఎస్తర్ మహ్లాంగు వాడే కుంచె కోడి ఈక. ఆమె స్కేలు పెట్టకుండానే తిన్నని గీత లాగుతుంది. 1991లో ఆ చేత్తోనే ఒక బి.ఎం.డబ్ల్యు. కారును చిత్రించింది. పొలం పరాయిదైనా గోడ తమదని చెప్పేందుకే ఈ కళ పుట్టిందని పూర్తిగా అనలేం. వర్ణవివక్ష ప్రభుత్వమే ఒక ఎండెబెలె పల్లెను పర్యాటకులకు చూపించి తన విధానానికి ప్రచారం చేసుకుంది. అయినా ఎవరి గోడకు వారే రంగు వేసుకోవడానికీ, ఎవరో కట్టిన గోడ లోపల బతకడానికీ తేడా ఉంది.

కాగితపు సరిహద్దు భారతీయులకూ తెలుసు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 వరకు లక్షన్నర మందికి పైగా కూలీలు డర్బన్ ఉన్న నేటాల్‌కు వెళ్లారు. మద్రాసు రేవులో ఓడెక్కినవారిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. పర్మిట్ లేనిదే వాళ్లు పక్కనున్న ట్రాన్స్‌వాల్‌లో కాలు పెట్టకూడదు. 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గ్‌లోని హమీదియా మసీదు ఆవరణలో భారతీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రాలను పెద్ద ఇనప బానలో వేసి, కిరోసిన్ పోసి తగలబెట్టారు. 1913 నవంబరు 6న గాంధీ వెంట 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ఫోక్స్‌రస్ట్ దగ్గర ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటారు. దాటడమే నేరం, దాటడమే సత్యాగ్రహం. అయితే అంతకు ఐదేళ్ల ముందు జొహానెస్‌బర్గ్ జైల్లో తమను ఆఫ్రికన్ల వార్డులో వేసినందుకు నొచ్చుకున్నదీ గాంధీయే. ఒక గీతను చెరపడానికి బయలుదేరినవాడు ఇంకో గీత ఉండాలని కోరుకోవడం ఈ కథలో మళ్లీ ఎదురయ్యే విషయమే.

ఆ జైలు ఉన్న గుట్ట మీదే ఇప్పుడు దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం ఉంది. 2004 మార్చి 21న, షార్ప్‌విల్ కాల్పులు జరిగిన తేదీనే, దాన్ని ప్రారంభించారు. విచారణ ఖైదీల బ్లాకును కూల్చి, మెట్ల బురుజులు నాలుగూ అలాగే ఉంచి, ఆ ఇటుకలనే కోర్టు హాలు గోడకు వాడారు. ముందరి హాల్లో స్తంభాలు చెట్ల బోదెల్లా వాలి ఉంటాయి. చెట్టు కింద కూర్చుని తగువు తీర్చే ఆఫ్రికన్ పద్ధతికి అవి గుర్తు. రచ్చబండ తెలిసినవారికి వేరే వివరణ అక్కర్లేదు. న్యాయమూర్తుల బల్లకు ముందువైపు ఆవు తోళ్లు తాపడం చేశారు, ఏ రెండు తోళ్ల మచ్చలూ ఒకలా ఉండవు. అన్నింటికన్నా ఆలోచింపజేసేది హాలు గోడలో అడ్డంగా సాగే సన్నటి అద్దపు కిటికీ. అది బయటి నేలకు సమానమైన ఎత్తులో ఉంటుంది. లోపల వాదనలు జరుగుతుండగా బయట నడిచిపోయేవారి పాదాలు కనిపిస్తాయి. ముఖం కనపడదు, జేబులో ఏ కాగితం ఉందో తెలియదు.

ఈ కట్టడం వెనకున్న తత్వం పేరు ఉబుంటు. మనిషి తోటి మనుషుల వల్లనే మనిషి అవుతాడని దాని సారం. పాశ్చాత్య హక్కుల ఆలోచన వ్యక్తి చుట్టూ కంచె వేసి కాపాడుతుంది. ఉబుంటు ఆ కంచెకు అవతల ఉన్నవాళ్లే వ్యక్తిని తయారుచేశారని గుర్తుచేస్తుంది. 1995లో మక్వన్యానే కేసులో మరణశిక్షను రద్దు చేస్తూ ఈ కోర్టు న్యాయమూర్తులు పలువురు ఉబుంటును ప్రస్తావించారు. హంతకుణ్ణి కూడా మనుషుల లెక్కలోంచి తీసేయలేమన్నది ఆ వాదన. ఇది కంచెను పీకేయమనడం కాదు. హక్కుల పత్రం లేకుండా ఉబుంటు ఒక్కటే ఉంటే, గుంపు మాటే న్యాయమైపోయే ప్రమాదం ఉంది.

ఇంతకీ ఆ ‘తోటి మనుషులు’ ఎవరు? కొత్త భవనం ప్రారంభానికి 17 రోజుల ముందు, 2004 మార్చి 4న, ఖోసా కేసులో కోర్టు ఆ ప్రశ్నకు జవాబిచ్చింది. మొజాంబిక్ నుంచి వచ్చి శాశ్వత నివాస హక్కు పొందినా, పౌరులు కానివారికి పింఛను, పిల్లల సాయం ఇవ్వరాదని చట్టం అంది. సామాజిక భద్రత హక్కు ‘అందరికీ’ అని రాజ్యాంగం అంటే, అందులో పౌరులు కానివారూ ఉంటారని కోర్టు తేల్చింది.

నాలుగేళ్లు తిరిగాయి. 2008 మేలో జొహానెస్‌బర్గ్‌లోని అలెగ్జాండ్రా బస్తీలో వలసదారులపై మొదలైన దాడులు ఇతర ఊళ్లకు పాకాయి. వలస వచ్చినవాళ్లు ఉద్యోగాలు కాజేస్తున్నారన్నది గుంపుల ఆరోపణ. దారిన పోయేవాణ్ణి ఆపి, మోచేయి చూపించి, దీన్ని జూలూలో ఏమంటారని అడిగేవారు. ‘ఇండోలొల్వానే’ అనడానికి నోరు తిరక్కపోతే వాడు పరాయివాడు. చనిపోయిన 62 మందిలో 21 మంది దక్షిణాఫ్రికా పౌరులే.