తనకు మాలిన ధర్మమా? పొరుగింటి నిప్పా?

"తనకు మాలిన ధర్మము మొదలు చెడ్డ బేరము" అని తెలుగు వర్తకులు తరతరాలుగా చెప్పుకొనే మాట. మొదలు చెడిన తరువాత లాభనష్టాల లెక్కకు అర్థమే లేదు. తన ఇంట పిల్లలు పస్తుండగా ఊరివారికి సంతర్పణ చేసేవానిని లోకం దాత అనదు, అవివేకి అంటుంది. ఒక మనిషికి చెప్పిన ఈ నీతి దేశాలకు కూడా వర్తించునా? భాగ్యవంతమైన దేశమొకటి, తన ప్రజలు పనులు లేకనో, ధరలు మండిపోయో బాధపడుతున్న కాలంలో, దూరదేశపు యుద్ధంలో కలుగజేసుకోవచ్చునా?

2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయిన్ మీదికి సైన్యాన్ని నడిపిన నాటి నుంచి ఈ ప్రశ్న ఐరోపాలోను, అమెరికాలోను మళ్ళీ వినవచ్చినది. నడుస్తున్న ఖాతాలో మనిషికి తన పొరపాటు కనబడదు. కనుక ముగిసిన పాత ఖాతా ఒకటి విప్పి చూడడం మేలు. అది 1929 మొదలు 1941 వరకు అమెరికా నడిపిన ఖాతా.

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కూలినది. 1933 నాటికి అమెరికాలో పనిచేయగలవారిలో నలుగురిలో ఒకరికి పని లేదు. బ్యాంకులు వేల సంఖ్యలో మూతపడినవి. అంతకు ముందే ఆ దేశానికి పరుల యుద్ధం రుచి తెలిసియున్నది. 1917లో మొదటి ప్రపంచయుద్ధంలో దిగి లక్షమందికి పైగా సైనికులను పోగొట్టుకొన్నది. ఐరోపా రాజ్యాలకిచ్చిన యుద్ధపు అప్పులు చాలావరకు వసూలు కాలేదు. పైగా ఆ యుద్ధంలో ఆయుధాల కంపెనీలు, బ్యాంకర్లు గడించిన లాభాల మీద సెనేటు సంఘమొకటి 1934 నుంచి విచారణ జరిపినది. ఇన్ని దెబ్బలు తిన్న ప్రజలు "ఇక ఎవరి గొడవా మనకు వద్దు" అంటే తప్పుపట్టగలమా? ఆకలిగొన్న బిడ్డలున్న తండ్రి మాట అది. దానిని పిరికితనమని కొట్టివేయడం న్యాయం కాదు.

ఆ కోరిక ప్రకారమే 1935 ఆగస్టులో తటస్థతా చట్టం వచ్చినది. యుద్ధం చేసుకొనే ఇరుపక్షాలలో ఎవరికీ ఆయుధాలు అమ్మరాదని దాని సారం. చూడడానికి త్రాసు సమంగానే ఉన్నది. అసలు సంగతి తరువాత బయటపడినది.

ఆ ఏడు అక్టోబరులోనే ఇటలీ అబిసీనియా మీద, అనగా నేటి ఇథియోపియా మీద, దండెత్తినది. ఇటలీకి సొంత ఆయుధాల కర్మాగారాలున్నవి, అబిసీనియాకు లేవు. ఇద్దరికీ అమ్మకం ఆపితే నష్టపోయినది ఒక్క అబిసీనియాయే. ఇటలీ ట్యాంకులకు, విమానాలకు కావలసినది చమురు. ఆ చమురు నిషేధపు జాబితాలో లేదు. నానాజాతి సమితి ఇటలీ మీద విధించిన ఆంక్షలలోనూ చమురు లేదు. అమెరికా నుంచి ఇటలీకి చమురు ఎగుమతి తగ్గకపోగా పెరిగినది. 1936 మేలో అడిస్ అబాబా ఇటలీ వశమైనది.

తరువాత స్పెయిన్, ఆపైన చైనా. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం లేచినప్పుడు తిరుగుబాటుదారులకు అమెరికా చమురు అరువు మీద అందినది. 1937లో జపాను చైనా మీద విరుచుకుపడిన తరువాత కూడా జపానుకు అమెరికా తుక్కు ఇనుము 1940 వరకు, చమురు 1941 వరకు సాగుతూనే వచ్చినవి.

ఇక్కడ వర్తకుడైనవాడు ఒక్క క్షణం ఆగి ఆలోచించవలెను. "మేము ఆ యుద్ధంలో లేము" అని ఆ దేశం నమ్మినది. సైనికులు లేరు, నిజమే. సరుకు మాత్రం ఉన్నది. జైన ధర్మం హింసను లెక్కించే తీరులో ఇటువంటి సాకుకు చోటు లేదు. తాను చేసినది, ఇతరులచేత చేయించినది, ఇతరులు చేయగా ఆమోదించినది అని అందులో మూడు పద్దులు గలవు. కృత, కారిత, అనుమోదితాలని వాటికి పేర్లు. కత్తి పట్టనివాడు మొదటి పద్దు నుంచి తప్పించుకొనవచ్చు. దండెత్తేవాడని తెలిసీ వాని బండికి చమురు పోసి పైకం పుచ్చుకొన్నవానికి మిగిలిన రెండు పద్దులూ వదలవు. కష్టకాలం వచ్చినదని ఆ పద్దులు మాఫీ కావు.

కాబట్టి "కలుగజేసుకోవచ్చునా?" అనే ప్రశ్నకు ముందు మరొక ప్రశ్న గలదు: "ఇదివరకే ఎంతవరకు కలుగజేసుకొని ఉన్నాము?" భాగ్యవంతమైన దేశం సాధారణంగా లోకమంతటితో వ్యాపారం చేసేదే అయియుంటుంది. అది ఊరక కూర్చున్నా దాని సరుకు ఊరక కూర్చోదు.

1939లో ఐరోపాలో మహాయుద్ధం ఆరంభమైనది. ఆ నవంబరులో అమెరికా చట్టం మార్చి, రొక్కం చెల్లించి సొంత ఓడలలో తీసుకుపోయే వారికి ఆయుధాలు అమ్మవచ్చునన్నది. వర్తకం దృష్టిలో ఇంతకు మించిన పదిలమైన బేరం లేదు. అరువు లేదు, రవాణా పూచీ లేదు. కాని 1940 చివరికి బ్రిటను పెట్టెలో డాలర్లు నిండుకున్నవి. నగరాల మీద బాంబులు పడుతున్నవి. అమెరికాలో అప్పటికీ నూటికి సుమారు పదిహేనుమందికి పని దొరకలేదు. నిజమైన పరీక్ష అప్పుడు వచ్చినది.

1940 డిసెంబరు 17న ప్రెసిడెంటు రూజ్‌వెల్టు పత్రికలవారితో మాట్లాడుతూ ఒక ఉపమానం చెప్పినారు. పొరుగింటికి నిప్పంటుకొన్నప్పుడు తన తోటకు నీళ్ళు పట్టే గొట్టాన్ని ఇచ్చేవాడు ముందుగా దాని ఖరీదు పదిహేను డాలర్లు చేతిలో పెట్టమనడు; మంట ఆరిన తరువాత గొట్టం తిరిగి ఇమ్మంటాడు. ఆ భావంతోనే 1941 మార్చి 11న అరువు-బదులు చట్టం అమలుకు వచ్చినది. యుద్ధం ముగిసేలోగా ముప్పైకి పైగా దేశాలకు సుమారు 5,000 కోట్ల డాలర్ల సహాయం అందినది. అందులో ఆయుధాలే గాక ఆహారం, లారీలు, యంత్రాలు, చమురు కూడా ఉన్నవి. వాడకంలో ఖర్చయిపోయిన సరుకుకు చాలావరకు డబ్బు అడగలేదు. యుద్ధానంతరం బ్రిటనుకు 1946లో ఇచ్చిన 375 కోట్ల డాలర్ల వేరొక అప్పును నూటికి రెండు వడ్డీతో ఆ దేశం వాయిదాల మీద తీర్చుకుంటూ, చివరి వాయిదాను 2006 డిసెంబరు 29న చెల్లించినది. అరువిచ్చినవాని ఓర్పు, తీర్చినవాని మాట రెండూ మెచ్చదగినవే.

దీనిని చూపి "ధర్మం చేసినందుకు లాభం వచ్చినది, యుద్ధపు పనులతో అమెరికాలో నిరుద్యోగం మాయమైనది" అని కొందరంటారు. 1944 నాటికి నిరుద్యోగం నూటికి ఒకటి రెండుకు దిగిన మాట నిజమే. కాని ఈ వాదం అన్నిటికంటె ప్రమాదకరమైనది. పొరుగింటి మంట మీద తన వంట చేసుకొన్నవాడు మంట త్వరగా ఆరవలెనని కోరునా? లాభం తరువాత కలిగితే కలుగనీ. లాభం కోసం యుద్ధంలో దిగే దేశం నిప్పార్పువాడు కాదు, కట్టెల వర్తకుడు.

మరొక ఆక్షేపణ ఉన్నది. శ్రావకుడు విడువవలసిన అనర్థదండాలలో హింసాదానం ఒకటి; కత్తి, నిప్పు, విషం వంటివాటిని ఇతరులకు ఇవ్వరాదు. మరి తుపాకులు ఇవ్వడం ధర్మమెట్లు అగును? గృహస్థుడు తప్పక విడువవలసినది సంకల్పించి చేసే హింస. తన్నూ, తన్ను ఆశ్రయించినవారినీ కాపాడుకొనేటప్పుడు తప్పనిసరి అయ్యే విరోధి హింసను అతడు పూర్తిగా విడువలేడని పెద్దలు అంగీకరించినారు. అంగీకరించినారే గాని దానిని పుణ్యమనలేదు. దండెత్తినవాడు వెనుకకు తగ్గిన క్షణంలో ఆ మినహాయింపు ముగుస్తుంది. ఈ గీత దాటిన సహాయం హింసాదానమే.

ఆ గీత దాటితే ఏమగునో 1956 చూపినది. ఈజిప్టు జూలైలో సూయజు కాలువను జాతీయం చేయగా, బ్రిటను, ఫ్రాన్సులు నవంబరులో అక్కడ సైన్యాలను దించినవి. అది పొరుగింటి నిప్పు ఆర్పడం కాదు, పోయిన ఆస్తికై పొరుగింట దూరడం. పౌను విలువకు ముప్పు వచ్చినది, అమెరికా ఆదుకొనలేదు, డిసెంబరులోపలే సైన్యాలు వెనుదిరిగినవి. ధనమూ పోయినది, పరువూ పోయినది.

ధనిక దేశమే కానక్కరలేదని 1971లో మన దేశమే చూపినది. తూర్పు బెంగాలు నుంచి సుమారు కోటిమంది శరణార్థులు వచ్చినారు. ఆ ఏడు నవంబరు నుంచి ఉత్తరాల మీద శరణార్థి సహాయార్థం అయిదు పైసల బిళ్ళ అదనంగా అంటించవలసి వచ్చినది. అప్పటి దుకాణాల నుంచి పోయిన ఉత్తరాలలో ఆ బిళ్ళలు ఎన్నో! భారం కొద్దికొద్దిగా అందరి మీద పడినది కనుక ఏ ఒక్కని మొదలూ చెడలేదు.

ఇంతకూ "తనకు మాలిన ధర్మము" అనే సామెత అబద్ధమా? కాదు. అది ఎంత ఇవ్వవలెనో చెప్పే సామెత; ఎవనికి సరుకు అమ్మవచ్చునో చెప్పే సామెత కాదు. కష్టకాలంలో దేశం తన సహాయపు పరిమాణం తగ్గించుకొనవచ్చును. భారాన్ని బీదవాని కంచం మీద గాక కలవారి పెట్టె మీద మోపవలెను. తుపాకులు పంపలేకపోతే ధాన్యం పంపవచ్చును. అదీ లేకపోతే పారిపోయి వచ్చినవానికి నీడ చూపవచ్చును. కాని దండెత్తినవానితో లాభసాటి బేరం మానుకొనడానికి ఖజానా నిండియుండనక్కరలేదు. ఆశ కొంచెం తగ్గితే చాలును. యుక్రెయిన్‌కు సహాయం పంపుతూనే రష్యా చమురు, గ్యాసు కొంటూ వచ్చిన ఐరోపా దేశాలకు కూడా ముందుగా ఎదురైన లెక్క ఇదే. సరుకు చవుకగా దొరికే వైపు మొగ్గడం ఏ దేశానికీ, ఏ దుకాణానికీ కొత్త కాదు.

యుద్ధంలో దిగవలెనా వద్దా అన్నది రాజ్యమేలేవారు తేల్చవలసిన విషయం. ఆ యుద్ధపు పైకం తన ఆవర్జాలో ఎక్కడ జమ అయినదో చూచుకొనడం మాత్రం ప్రతి వర్తకుని పని. చిట్టా సరిగా వ్రాసేవాడు ఆ పద్దును దాచడు.