వనవాసంలోని కన్నవారు

సరిహద్దులో కాపలా కాసే సైనికునికి రెండు ధర్మాలు ఒకేసారి ఎదురవుతాయి. దేశరక్షణ అతడు స్వీకరించిన వృత్తిధర్మం కాగా, కన్నబిడ్డల పెంపకం గృహస్థాశ్రమం అతనిపై ఉంచిన బాధ్యత. మొదటిది అతణ్ని మంచుకొండలకు పంపినంత మాత్రాన రెండవది రద్దు కాదని, అది నెరవేరే తీరు మాత్రమే మారుతుందని మహాభారతం గ్రహింపజేస్తుంది.

పాండవుల వనవాసం అనగానే జూదం, పరాభవం, అస్త్రసంపాదన గుర్తుకు వస్తాయి గాని, ఆ 12 ఏళ్లూ బిడ్డలు వారికి దూరంగా పెరిగారన్న సంగతి అంతగా తలపునకు రాదు. ద్రౌపది కుమారులైన ఉపపాండవులు మొదట పాంచాలంలో మేనమామల వద్ద, ఆ తర్వాత ద్వారకలో అర్జునుని మరో భార్య సుభద్ర సంరక్షణలో పెరిగారు. వ్యాసభారతం అరణ్యపర్వంలో, సత్యభామతో కలిసి కామ్యకవనానికి వచ్చిన శ్రీకృష్ణుడు, విలువిద్యపై ఆ పిల్లలకున్న మక్కువను, సుభద్ర వారిని కనిపెట్టి చూసుకుంటున్న తీరును, తన కుమారుడు ప్రద్యుమ్నుడు దగ్గరుండి ఆయుధవిద్య నేర్పుతున్న వైనాన్ని ద్రౌపదికి వినిపిస్తాడు. పిల్లలు క్షేమమన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, వారి దినచర్యనే తల్లి కళ్లకు కట్టించడం ఆ ఘట్టంలోని విశేషం.

కుటుంబాన్ని వెంట ఉంచుకొనే వీలులేని ప్రాంతాల్లో చేసే కొలువును సైన్యంలో ఫీల్డ్ పోస్టింగ్ అంటారు. 1984 నుంచి మన సైన్యం కాపు కాస్తున్న సియాచిన్ అటువంటిది. మొదటి ప్రపంచయుద్ధ కాలం నుంచి సైన్యానికి బిడ్డలను పంపుతున్న పశ్చిమ గోదావరి జిల్లాలోని మిలిటరీ మాధవరం వంటి ఊళ్లకు ఈ ఎడబాటు తరతరాల అనుభవం. ఫీల్డ్ పోస్టింగ్‌లో ఉన్నవారికి రాసే ఉత్తరంపై ఊరిపేరు ఉండదు. సైనికుని పేరు, నంబరు, యూనిట్‌తోపాటు 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ అనే సైనిక తపాలా గుర్తు మాత్రమే ఉంటుంది. నాలుగేళ్ల పసివానికి ఆ గుర్తు అర్థం కాదు, నెలల లెక్కా తెలియదు; నాన్న తనను తలచుకుంటున్నాడో లేదో మాత్రం ఇట్టే తెలిసిపోతుంది.

ఇలా తలచుకోవడం, అంటే స్మరణం, భాగవతం సప్తమస్కంధంలో ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తి మార్గాలలో ఒకటి. కంటికి కనిపించని వారిని మనసులో ఎడతెగక నిలుపుకోవడమే స్మరణం. నియమం తోడైనప్పుడే అది సాధన అవుతుంది. కన్నవారి ప్రేమకూ ఆ నియమం అవసరం. వారానికి ఒక్కసారే ఫోను కుదిరినా, బాగా చదువుకోమని చెప్పి ముగించక, నిన్న గీసిన బొమ్మ గురించి, ఊడిన పాలపన్ను గురించి అడిగే తండ్రి బిడ్డకు దగ్గరగానే ఉంటాడు. బయలుదేరే ముందు తన గొంతుతో కథలు రికార్డు చేసి ఉంచితే, సిగ్నల్ అందని రాత్రి సైతం ఆ గొంతు పిల్లలను నిద్రపుచ్చుతుంది. సెలవు మంజూరు కాకముందే సంక్రాంతికి వస్తానని మాట ఇవ్వకపోవడమూ ఈ నియమంలో భాగమే, ఎందుకంటే సత్యం తప్పిన చోట పసిమనసు నమ్మకం కోల్పోతుంది. 1992 నుంచి మహిళలు సైన్యంలోని వైద్యేతర విభాగాల్లోనూ అధికారులుగా చేరుతున్నందున, ఈ సాధన తండ్రులకే కాక తల్లులకూ వర్తిస్తుంది.

పాండవులకు పదమూడవ ఏడు అజ్ఞాతవాసం, అంటే ఉనికి బయటపడకుండా గడపవలసిన కాలం. కబురు పంపే దారి సైతం మూసుకుపోయే అటువంటి గడ్డుకాలం సైనికులకూ వస్తుంది. అంతకుముందు పెంచుకున్న బంధమే అప్పుడు ఆదుకుంటుంది. అజ్ఞాతవాసం ముగిశాక అర్జునుడు కబురు పంపితే సుభద్ర కొడుకు అభిమన్యుడు మత్స్యదేశానికి వచ్చి, తండ్రి నిశ్చయించిన ప్రకారం ఉత్తరను వివాహమాడాడు. అన్నేళ్ల ఎడబాటు తర్వాతా తండ్రి మాట అతనికి పరాయిది కాలేదు.

ఈ బంధాన్ని నిలపడంలో సుభద్ర పాత్రను, కబురు మోసిన కృష్ణుని పాత్రను మరువరాదు. సైనికుల ఇళ్లకు పొరుగున ఉన్నవారు, బంధువులు, బడిలో చదువు చెప్పేవారు ఆ పిల్లల వద్ద తండ్రి ప్రస్తావన తరచుగా తేవాలి. వారి చిన్న చిన్న విజయాలు సరిహద్దుకు చేరేలా చూడాలి. కామ్యకవనంలో భగవంతుడు స్వయంగా చేసిన పనిని మనం చిన్నదిగా చూడరాదు.