బరువు లేని బతుకు

"ఈ సంసారం బరువు దిగితే హాయిగా గాలిలో తేలిపోనూ!" అని ఏదో ఒక పూట అనుకోని ఇల్లాలు ఉంటుందా? మన భాషలో బరువు ఒంటరిగా రాదు కదూ, బాధ్యతను వెంటబెట్టుకునే వస్తుంది. మరి నిజంగానే లోకంలో బరువనేదే లేకుండా పోతే మనం సుఖపడతామా?

2018లో అమెరికాలో 'స్కైవార్డ్' అనే బొమ్మల నవల మొదలైంది. జో హెండర్సన్ కథ రాస్తే లీ గార్బెట్ బొమ్మలు వేశాడు. అందులో ఒకరోజు ఉన్నట్టుండి భూమ్యాకర్షణ పిసరంతకు తగ్గిపోతుంది. ఆ వేళ ఆరుబయట ఉన్న ఓ తల్లి ఆకాశంలోకి కొట్టుకుపోతుంది. అప్పటి పసికూన ఇరవై ఏళ్ల పిల్లయి, సంబరంగా ఎగురుతూ తిరుగుతుంది. తండ్రి మాత్రం భయంతో గడప దాటడు. అదే తేలికదనం కూతురికి రెక్కలయింది, తండ్రికి చెరసాలయింది!

అది కట్టుకథేననుకోండి. బరువును గెలవడానికి ఎన్ని తంటాలు పడాలో సూళ్లూరుపేట వాళ్లకు తెలుసు. అక్కణ్ణుంచి పులికాట్ సరస్సు మీది రోడ్డు దాటితే శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న అక్కడ మొదటి రాకెట్ ఎగిరింది. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన రాకెట్ బరువు సుమారు 640 టన్నులు. అందులో పైకి పంపదలచిన నౌక నాలుగు టన్నులకు లోపే! మిగతాదంతా చాలా మటుకు ఇంధనం. ఇంత లెక్కలు కట్టిన ఇస్రో పెద్దలు కూడా ప్రయోగానికి ముందు సూళ్లూరుపేట చెంగాళమ్మ తల్లిని దర్శించుకుని వెళ్లడం ఆనవాయితీ.

సరే, పైకి వెళ్లాక? మన తెలుగింటి ఆడపడుచు బండ్ల శిరీష 2021 జూలై 11న ఆ తేలికదనాన్ని కొద్ది నిమిషాలు చవిచూసింది. సునీతా విలియమ్స్ 2024 జూన్‌లో వెళ్లి, 286 రోజులు గడిపి, 2025 మార్చిలో తిరిగొచ్చింది. అక్కడ కాళ్ల ఎముకలు, నడుము ఎముకలు నెలకు నూటికి ఒక వంతు దాకా క్షీణిస్తాయట. అందుకే రోజూ రెండు గంటలు వ్యాయామం చేసి తీరాలి. మోసే పని లేని ఎముకను శరీరం దండగ ఖర్చు కింద జమకడుతుంది కాబోలు!

"చూశారా, బరువుంటేనే బలం! కనుక కిక్కురుమనకుండా మోయండి" అని ఇక్కడితో ముగించేయవచ్చు. ఆ నీతి ఆడవాళ్లం చాలాకాలంగా వింటున్నదే. కానీ శాస్త్రం ఇంకో మాట కూడా చెబుతోంది. అంతరిక్ష కేంద్రం తిరిగే 400 కిలోమీటర్ల ఎత్తున కూడా భూమ్యాకర్షణ ఇక్కడి దాంట్లో నూటికి తొంభై వంతులుంది. అయినా వాళ్లు తేలుతున్నారంటే, కేంద్రమూ అందులోని మనుషులూ కలిసి భూమి చుట్టూ నిరంతరం పడిపోతూనే ఉన్నారన్నమాట. కాలి కింద ఆపే నేల లేదు. అంటే, మనకు బరువు తెలిసేది భూమి లాగినందుకే కాదు, నేల ఆపినందుకు!

ఇంటి సంగతీ ఇంతే. ఒకవైపు మంచాన పడ్డ అత్తగారు, మరోవైపు పరీక్షల పిల్లలు, ఆపైన ఉద్యోగం. ఆమె ఎంత మోస్తోందని లెక్కవేసి జాలిపడితే సరిపోదు. ఆమె కాలి కింద నేల ఉందా అన్నది అడగాలి. జ్వరమొచ్చిన నాడు "నువ్వు పడుకో, నేను చూసుకుంటాను" అనే మనిషి ఇంట్లో ఉంటే ఆ బరువే ఆమెకు సత్తువ. లేకపోతే ఎంత ఓపిక గల మనిషైనా కుంగిపోతుంది.

"మా కోడలికి ఎంత పనైనా లెక్కలేదండీ, ఇట్టే తేలిగ్గా చేసేస్తుంది" అని మెచ్చుకుంటూ ఉంటాం. మెచ్చుకోండి, తప్పులేదు. కానీ ఆ పిల్ల నిజంగా తేలుతోందో, ఎవరికీ కనపడకుండా పడిపోతోందో ఒక్కసారి పక్కన కూర్చుని అడిగి చూశామా?